లేబుల్ లేని బ్యాటరీలు

కౌంటర్లో అమ్మాయి రెండు బ్యాటరీలనూ నీలం ట్రేలో పెట్టుకుని వెనక తలుపు తోసుకుని లోపలికి పోయింది, పోతూ పోతూ కూర్చోండి మేడమ్, సేఫ్టీ ఆఫీసర్ గారు చూసి చెప్తారు అంది, ఆ కూర్చోండి అన్న మాట ఎంత మర్యాదగా అంటారో వీళ్ళు, ఆస్పత్రిలోనూ అదే, లేబర్ ఆఫీసులోనూ అదే, మనిషిని కూర్చోబెట్టేస్తే సగం పని అయిపోయినట్టే వాళ్ళకి, కూర్చున్నవాడు గొంతు లేపడు. ఆమె కూర్చోలేదు. స్తంభం పక్కన చక్రాల కుర్చీలో తమ్ముడు, తమ్ముడి ఒళ్ళో ఆక్సిజన్ మిషన్, మిషన్ నుంచి ముక్కులోకి సన్నటి గొట్టం, మిషన్ వెనక నుంచి స్తంభానికున్న ప్లగ్గులోకి నల్లటి వైరు. ఆ వైరు ఎంత పొడుగుంటే వాడి లోకం అంత. ఇంకాసేపట్లో విమానం లేస్తుంది. దూరపు ఊళ్ళో పెద్దాస్పత్రిలో ఒక జత ఊపిరితిత్తులు వాడి కోసం చూస్తున్నాయి, తెల్లారకముందే కోఆర్డినేటర్ ఫోన్ చేసి చెప్పింది, సైజు కుదిరింది, రక్తం కుదిరింది, మధ్యాహ్నంలోపు మనిషి మా దగ్గర ఉండాలి అని. రోడ్డు మీద పోతే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. విమానంలో అయితే ఇలా ఎక్కి అలా దిగడమే. ఎక్కితే.

సంచి సర్దుకోవడంలో తప్పేమీ జరగలేదు. సంచి ఎప్పటినుంచో తలుపు పక్కనే సిద్ధంగా ఉంది, వాడి పేరు జాబితాలోకి ఎక్కిన రోజే ఆస్పత్రివాళ్ళు చెప్పారు, ఫోన్ ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చాక సర్దుకోవడం ఉండదు, విమానం వాళ్ళ నిబంధనలు ముందే చదివి పెట్టుకోండి అని. చదివింది. పరీక్షకి కూర్చునే పిల్లలా చదివింది. చేతి సామాను ఎంత ఎత్తుండాలి, ఎంత బరువుండాలి, మందు సీసాలు ఎలా పెట్టాలి, విడి బ్యాటరీలు కింద సామానులో వెయ్యకూడదు, మనిషితోనే పైకి రావాలి, దేనికది వేరే కవరులో ఉండాలి, కరెంటు వచ్చే మొనలకి టేపు వెయ్యాలి, ప్రయాణం ఎంతసేపో దానికి ఒకటిన్నర రెట్లు నడిచేంత ఉండాలి, శక్తి ఎంతో బ్యాటరీ మీద స్పష్టంగా కనిపించాలి. అన్నీ చేసింది. ఆ చివరి మాట దగ్గర కూడా ఆగి, తలూపి, చేసింది. నల్ల మార్కరు తీసుకుని తెల్ల టేపు మీద గుండ్రటి అక్షరాలతో తనే రాసింది, ఇన్ని వోల్టులు, ఇంత శక్తి, లోపలి సెల్లు మార్చిన తేదీ. కౌంటర్ అమ్మాయి వాటిని అటు తిప్పి ఇటు తిప్పి, కంపెనీ ప్రింటు ఎక్కడుందండీ అని అడిగింది. చింపేశాను అంది ఆమె. ఎందుకు చింపారు అంది ఆ పిల్ల, నిజంగానే అర్థంకాక, కొత్త చీర కొనుక్కుని కొంగు కత్తిరించుకున్న మనిషిని చూసినట్టు చూసి. చెప్పడానికి చాలా ఉంది. చెప్తే వినేవాళ్ళు వరసలో వెనక లేరు.

ఎందుకు చింపిందంటే బ్యాటరీల రిపేరు మేస్త్రి నేర్పింది అదే. ఆ ఇరుకు వీధిలో, ఎదురెదురు దుకాణాల మధ్య ఆకాశం రిబ్బనులా కనిపించే ఆ వీధిలో, మెట్ల కింద అరలో కూర్చోబెట్టి ఆయన మొట్టమొదట నేర్పిన పని వెల్డింగు కాదు, మీటరు పట్టడం కాదు, చింపడం. చచ్చిన బ్యాటరీ డబ్బా విప్పావంటే ముందు దాని లేబుల్ చింపి చెత్తలో వెయ్యి, తర్వాతే సెల్లు ముట్టుకో. లోపల సరుకు మారిందంటే పైన పాత మాట ఉండకూడదమ్మాయ్, ఉంచావంటే రేపు ఎవడో ఆ అంకె నమ్మి ఛార్జింగు పెడతాడు, వాడి ఇల్లు తగలబడుతుంది, తగలబెట్టింది నువ్వు. ఆయన గోళ్ళు ఎప్పుడూ జిగురుతో నల్లగా ఉండేవి, లేబుల్ గీకీ గీకీ. వీధిలో మిగతావాళ్ళు అలా కాదు. వేడిగాలి కొట్టి లేబుల్ని ముడత పడకుండా ఒలుస్తారు, సెల్లు మార్చి మళ్ళీ అద్దినట్టు అంటిస్తారు, కొత్తదే అని ఇస్తారు. ఆమె వాళ్ళని దొంగ వెధవలు అనేది, మొహం మీదే అనేది, వాళ్ళు నవ్వి ఏం సత్యవంతురాలివమ్మా తల్లీ అనేవాళ్ళు. తమ్ముడి మిషన్ పాతది, దానికి కంపెనీ బ్యాటరీలు చెయ్యడం మానేసి చాలా రోజులైంది, మిషన్ మార్చుకోండి అన్నాడు ఫోనులో కంపెనీవాడు, చొక్కా మార్చుకోమన్నంత తేలిగ్గా. అందుకని ఆ రెండింటినీ తనే విప్పింది. తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచి సెల్లు ఏరి, ఒక్కొక్కటీ కొలిచి, జతలు కలిపి, రేకు అతికి, రాత్రంతా నడిపి చూసి, తమ్ముడి ప్రాణం కదా అని పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసింది. లేబుళ్ళు మాత్రం ముందే చింపేసింది. చెయ్యి తనంతట తనే పోయి చింపింది. ఊపిరి పీల్చినట్టు. ఇప్పుడు ఆ వీధిలో దొంగ వెధవలు అంటించిన బ్యాటరీలు ఎన్ని మబ్బుల్లో ఎగురుతున్నాయో, ఒక్కదాన్నయినా ఎవడైనా ట్రేలో పెట్టుకుని లోపలికి తీసుకుపోయాడా.

తలుపు తెరుచుకుంది. ఆఫీసర్ కాదు, చక్రాల పెట్టె లాక్కుంటూ ఎవరో పైలట్. మళ్ళీ మూసుకుంది.

విమానంలో సిలిండరు ఇవ్వరా అని మొదట్లోనే అడిగింది. ఇస్తారట, ముందుగా రాసి పెట్టుకుంటే. ఎంత ముందుగా అంటే రోజుల లెక్క చెప్పింది ఆ అమ్మాయి. ఊపిరితిత్తులు ఇచ్చేవాడు ముందుగా చెప్పి చస్తాడా తల్లీ, అనబోయి మింగేసింది. ఎవడో చచ్చాడు, నిన్న సాయంత్రం దాకా ఈ గాలే పీల్చినవాడు, వాళ్ళమ్మో పెళ్ళామో ఏడుస్తూనే సరే తీసుకోండి అంది, ఎంత గుండె ఉండాలి ఆ మాట అనడానికి, ఆ మాట అంతదూరం నుంచి వచ్చి ఈ స్తంభం దగ్గర ఆగిపోయింది, నాలుగు వేళ్ళ వెడల్పు కాగితం లేక. నిబంధన రాసినవాణ్ణి తిట్టుకుందామనుకుంది. తిట్టు రాలేదు. అదే ఆమె ప్రాణం తోడేస్తోంది. పక్క దుకాణంలో ఒక బ్యాటరీ అంటుకున్న రోజు ఆమె చూసింది, ముందు ఉడుకుతున్న గిన్నెలా బుసబుసమంది, తర్వాత తెల్లటి పొగ, తర్వాత మంట, నీళ్ళు పోస్తే ఆగదు, ఇసక పోస్తే ఆగదు, ఆ కుర్రాడి అరచేతులు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. అలాంటిది ఆకాశంలో, తలుపులు మూసిన గొట్టంలో, పసిపిల్లలతో సహా అంతమంది కూర్చున్నచోట. తను ఆ కౌంటర్లో ఉంటే, మొహం తెలియని మనిషెవరో వచ్చి, పేరూ ఊరూ లేని నల్లటి డబ్బా ముందు పెట్టి, మార్కరుతో నేనే రాశానండీ నమ్మండి అంటే, తను ఎక్కనిచ్చేదా. ఎక్కనిచ్చేది కాదు. చచ్చినా ఎక్కనిచ్చేది కాదు. తిట్టుకోవడానికి ఎదుటి మనిషి ఉంటే కాస్త ఊపిరి ఆడుతుంది, ఆ ఒక్క సుఖం కూడా ఆమెకి లేకుండా పోయింది.

నేల తుడిచే మిషన్ తోసుకుంటూ ఒకాయన వచ్చి స్తంభం దగ్గర ఆగాడు, ప్లగ్గు వైపు చూశాడు, వైరు వెంబడే చూసుకుంటూ కుర్చీ దాకా వచ్చాడు. ఈ ప్లగ్గు మా డిపార్ట్‌మెంట్‌దండీ అన్నాడు మెల్లగా, తప్పు చేస్తున్నట్టు.

“తీసుకో అన్నా,” అన్నాడు తమ్ముడు. “నేను కూడా... నేల మీద పడితే... కలిపి తుడిచేద్దువు.”

ఆయన నవ్వలేదు. మిషన్ పక్కకి నెట్టి, బకెట్టూ గుడ్డా తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తుడవడం మొదలుపెట్టాడు. ఒరేయ్ నోరు మూసుకుని ఊపిరి దాచుకో అంది ఆమె. దాచుకుని ఎవరికి రాసివ్వాలే ఇంజనీరమ్మా అన్నాడు వాడు. వాడంతే, చిన్నప్పటి నుంచీ, దెబ్బ తగిలితే ముందు నవ్వేవాడు తర్వాత చూసుకునేవాడు. ఇందాక కౌంటర్ దగ్గర కూడా కాగితాలు చూస్తున్నంతసేపూ చెయ్యి ఎత్తి దాని పైపలక మీద నిమిరి, ఇది మా రాయేనక్కా, అంచు ఎవడో బద్ధకంగా కొట్టాడు చూడు అన్నాడు, ఆ పిల్ల విననట్టు ఊరుకుంది. వాళ్ళ రాయే. రాతిపొడినీ జిగురునీ కలిపి పలకలు పోస్తారు, వంటిళ్ళలోకీ ఆఫీసుల్లోకీ, అద్దంలా మెరుస్తుంది, మరక పడదు, వాడు పదేళ్ళు కోశాడు దాన్ని. సాయంత్రం ఇంటికొస్తే పిండిమరలో పడి లేచినట్టుండేవాడు, కనురెప్పలు కూడా తెల్లగా, వాకిట్లో నిలబెట్టి తువ్వాలుతో దులిపేది వాళ్ళావిడ, ఆ దుమ్ములోనే చంటిది చేతులు చాచుకుంటూ వచ్చేది. నీళ్ళు పోస్తూ కొయ్యాలి దాన్ని. నీళ్ళు పోస్తే దుమ్ము లేవదు, కాని పని నిదానమవుతుంది, నేల తడుస్తుంది, అందుకని నీళ్ళ కుళాయి బిగించేశారు యజమానులు, తనిఖీవాళ్ళు వచ్చిన రోజున విప్పి, అందరికీ తలా ఒక గుడ్డముక్క మూతికి కట్టించి, వాళ్ళు పోగానే మళ్ళీ బిగించేవాళ్ళు. ఒక్కొక్కడే దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గినవాణ్ణి ఇంటికి పంపి దగ్గనివాణ్ణి తెచ్చుకున్నారు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూపించాడు, ఊపిరితిత్తుల్లో తెల్లటి చుక్కలు చుక్కలుగా, ముగ్గుపిండి జల్లినట్టు, రాయి అన్నాడు, లోపల రాయి పెరుగుతోంది అన్నాడు. ఆ పలక ఒక్కొక్కదానికీ కంపెనీ లేబుల్ ఉంటుంది, మెరుపు పోదని హామీ కూడా ఉంటుంది. ఏ దేశానికైనా ఓడెక్కి పోతుంది, ఎవడూ ఆపడు. కోసినవాడు మాత్రం ఇక్కడ ఈ స్తంభానికి కట్టేసి ఉన్నాడు.

ఫోన్ మోగింది. కోఆర్డినేటర్. ఎక్కారా అమ్మా అంది. ఆమె తలుపు వైపు చూసింది, తమ్ముడి వైపు చూడలేదు.

“ఎక్కుతున్నామండీ,” అంది. “వరసలో ఉన్నాం.”

మంచిది, డాక్టర్లకి చెప్తాను అని పెట్టేసింది ఆవిడ. ఫోన్ చేతిలో వెచ్చగా ఉంది. ఎంత సులువుగా వచ్చేసింది ఆ మాట, బ్యాటరీ మీద అబద్ధం అంటించలేదు చెయ్యి, ఫోనులో నాలుక మాత్రం ఎంత తేలిగ్గా తిరిగింది, మేస్త్రి ఇది నేర్పలేదు, నేర్పకపోయినా వచ్చు, ప్రాణం మీదికి వస్తే అన్నీ వచ్చు. మరి అది ముందే ఎందుకు రాలేదు. ఆ రెండు కాగితం ముక్కలు చెత్తబుట్టలో వేసేటప్పుడు చెయ్యి ఎందుకు ఆగలేదు, సొరుగులో ఒక మూల దాచి ఉంటే ఏం పోయేది, తన గొప్ప పోయేదా, వీధిలో తలెత్తుకు తిరిగే ఆ పొగరు పోయేదా, ఆ పొగరు బరువెంతో ఇప్పుడు తూచి చెప్పమంటే చెప్తుంది. పక్క వరసలో పొట్టి చొక్కా కుర్రాడొకడు సంచిలోంచి ఫోన్ ఛార్జింగు డబ్బా తీసి చూపిస్తున్నాడు, దాని మీద బంగారు రంగులో పెద్ద అంకె, ఆ సైజు డబ్బాలో అంత శక్తి పట్టదు, సగం కూడా పట్టదు, మార్కెట్లో అలాంటివి కుప్పపోసి అమ్ముతారు. ఉద్యోగి అంకె చదివాడు, పరిమితిలోనే ఉంది, వెళ్ళమన్నాడు. పరుగెత్తి వెళ్ళి పుస్తకాల షాపులో స్టిక్కర్లు కొంటే. ఎక్కడైనా ప్రింటు తీసేవాడుంటే. కాని బ్యాటరీలు లోపలున్నాయి, వాళ్ళు చూసేశారు, లేనిదాన్ని చూశారు, ఇప్పుడు ఏది అంటించినా దొంగతనం కిందే లెక్క, పొద్దున అంటించి ఉంటే మాత్రం అది రూలు.

ఈసారి తలుపు తెరుచుకుని ఆఫీసరే వచ్చాడు, తెల్లచొక్కా, అలసిన మొహం, ట్రే తనే మోసుకొచ్చాడు. మంచి మనిషి. మంచి మనిషి కావడమే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే కాళ్ళావేళ్ళా పడేది, లేకపోతే నెత్తిన నోరు పెట్టుకుని అరిచేది. ఆయన వంగి, ముందు తమ్ముడికి నమస్కారం పెట్టి, తర్వాత ఆమెతో చెప్పాడు, పని చాలా శుభ్రంగా ఉందమ్మా, మొనలకి టేపు మా రూలులో ఎలా ఉందో అలాగే వేశారు, పై ఆఫీసుకి ఫోటోలు పంపాను, రెండుసార్లు మాట్లాడాను, తయారుచేసినవాళ్ళ ముద్ర లేకుండా ఒప్పుకునేది లేదన్నారు, నా చేతిలో లేదు. తయారుచేసినదాన్ని నేనేనండీ అంది ఆమె. అది అర్జీ కాదు, గొడవ కాదు, ఊరికే బయటికొచ్చింది. ఆయన ఒక్క క్షణం జిగురుతో నల్లబడ్డ ఆమె వేళ్ళ వైపు చూసి, తెలుసమ్మా అన్నాడు, ట్రే బల్ల మీద పెట్టాడు. ముద్రున్న బ్యాటరీలు ఎక్కడైనా దొరికితే సాయంత్రం ఇంకో విమానముంది అన్నాడు. సాయంత్రానికి ఆ ఊపిరితిత్తులు ఇంకెవరి ఛాతీలోనో ఉంటాయి, లేకపోతే పాడైపోయి ఉంటాయి. ఆయన వెళ్ళిపోయాడు.

వాళ్ళ విమానం పేరు మైకులో పిలిచారు. జనం లేచి సంచులు భుజాన వేసుకుంటున్నారు.

ఆమె బుర్ర ఇంకా పరుగెత్తుతూనే ఉంది, అంబులెన్సు మాట్లాడితే, దారిలో ఆగి ఛార్జింగు పెట్టుకుంటూ పోతే, డాక్టర్ని బతిమాలితే, ఇంకో కంపెనీ కౌంటర్లో అడిగితే, వాళ్ళ రూలు వేరేగా ఉంటే, ఉండదు, అందరిదీ ఒకటే, అయినా అడిగితే, కోఆర్డినేటర్ మళ్ళీ చేస్తే విమానం ఆలస్యమైందని చెప్తే, కాసేపు వాళ్ళు ఆగితే. ఒరేయ్ నువ్వు దిగులుపడకు నేను చూస్తా అంటోంది, ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు. తమ్ముడు చెయ్యి చాచాడు.

“ఫోనిటియ్యి.”

“ఎందుకు?”

“అక్కడొకడు... పడుకునుంటాడు.”

ఆమెకి అర్థమైంది. అర్థంకానట్టు నిలబడింది. పోయిన చలికాలం వాడికి ఒకసారి ఫోన్ వచ్చింది, అప్పుడు వాళ్ళు అదే ఊళ్ళో పరీక్షలకని ఉన్నారు, మొదటి మనిషి వేరే ఉన్నారు, ఆయన రాలేకపోతే మీకు, వచ్చి సిద్ధంగా ఉండండి అన్నారు. అలా ఒకరి వెనక ఒకర్ని పిలుస్తారట. పచ్చటి గౌను తొడిగి, ఛాతీ గీసి, మంచినీళ్ళు కూడా పట్టకుండా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పడుకోబెట్టారు వాణ్ణి. తలుపు కదిలినప్పుడల్లా వాడి మెడ లేచేది. సాయంత్రం ఒక నర్సు వచ్చి, మొదటాయన వచ్చేశారండీ, మీరు భోంచెయ్యొచ్చు అంది. ఆ మనిషి రాకూడదని పడుకున్నంతసేపూ మొక్కుకున్నానక్కా అని ఆ రాత్రి వాడు చెప్పాడు, ఎవరో కూడా తెలీదు, వాడి బండి చెడిపోవాలని మొక్కుకున్నాను. ఇప్పుడు అదే మంచం మీద ఇంకెవరో. బండి చెడిపోవాలని మొక్కుకుంటూ. వాళ్ళ మొక్కు ఫలించింది, ఆ సంగతి ఇంకా వాళ్ళకి తెలీదు.

ఆమె ఫోన్ ఇవ్వలేదు. వాడు లాక్కోలేదు, లాక్కునే ఓపిక లేదు, చెయ్యి అలా చాచే ఉంచాడు, గాల్లో, ఎంతసేపు చాచగలడో అంతసేపూ చాచాడు. చివరికి ఆ చెయ్యి పడిపోతుందేమోనన్న భయంతో ఇచ్చింది.

“అమ్మా, నేను పేషెంటుని,” అన్నాడు. “మేం ఎక్కలేదు. ఎక్కనివ్వలేదు. ఆ పడుకున్నాయన్ని... తీసుకెళ్ళండి లోపలికి.”

అవతల చాలాసేపు మాటలు. వాడు వింటున్నాడు, గొట్టంలో గాలి కుస్ కుస్ మంటోంది, నేల తుడిచే ఆయన గుడ్డ పిండడం ఆపి అలాగే కూర్చున్నాడు. తర్వాత వాడు ఫోన్ ఆమె వైపు తిప్పాడు. ఫైలులో అటెండెంటు పేరు నీదేనంట, నువ్వు కూడా చెప్పాలంట, అది రూలంట.

రూలు. ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది. ఆవిడ గొంతు మెత్తగా ఉంది, ఇందాక ఎక్కుతున్నామన్నారు కదమ్మా అని కూడా అనలేదు, మీరు పేషెంటుకి ఏమవుతారు అని అడిగింది, అక్కనండీ అంది, ఈ అవకాశం వదులుకుంటున్నట్టు మీకు తెలుసు కదా, తెలుసండీ, వేరే వాళ్ళకి ఇవ్వడానికి మీకు అభ్యంతరం లేదు కదా. ఆ ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. వాడు పాలు తాగే రోజుల్లో వీపున కట్టుకుని తిరిగింది తను, అమ్మ పనికి పోతే, వాడి ఊపిరి మెడ మీద తగులుతుండేది, వెచ్చగా, తడిగా, చప్పుడు లేకుండా. వాడు కళ్ళు మూసుకున్నాడు. అభ్యంతరం ఉందని అంటే ఏమవుతుంది, ఉంది, ఈ లోకం మొత్తం మీద ఉంది, రాయి మీద, రాయి యజమాని మీద, కాగితం మీద, తన చేతుల మీద ఉంది, అంటే ఆ మంచం మీది మనిషి ఇంకో గంట పడుకోవాలి, అంతే, ఇంకేం కాదు.

“లేదండీ,” అంది. “ఇచ్చెయ్యండి.”

పేరు జాబితాలో అలాగే ఉంటుందమ్మా, మళ్ళీ దొరికితే పిలుస్తాం అని ఆవిడ పెట్టేసింది. ఆ వెనకాల ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు వినిపించింది, ఫోన్ పెట్టేసేలోపే.

వరస కరిగిపోయింది. కౌంటర్ అమ్మాయి తెర మీద బొమ్మ మార్చి ఇంకో ఊరి పేరు పెట్టింది. ఆమె ట్రేలోంచి బ్యాటరీలు తీసి సంచిలో పెట్టుకుంది, ఒకటి, తర్వాత ఇంకొకటి, వేరు వేరు కవర్లలో.

“ఏమంది?” అన్నాడు తమ్ముడు, కళ్ళు తెరవకుండానే.

“మళ్ళీ పిలుస్తారంట.”

ఎప్పుడని వాడు అడగలేదు. పోయిన చలికాలం నుంచి ఈ పొద్దుటి దాకా ఎంతైందో, డాక్టరు వాడికి ఎంత ఉందన్నాడో, రెండూ ఇద్దరికీ తెలుసు. కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

“అయితే ఈలోపు... లేబుళ్ళు అంటించి పెట్టవే.”

అది వేళాకోళం. వాడు నవ్వడానికి సిద్ధంగా పెదవి కూడా సాగదీశాడు, అక్క కసురుకుంటుందని, దొంగ వెధవల జట్టులో చేరమంటావురా అంటుందని.

“అంటిస్తాను,” అంది ఆమె. “ఏ కంపెనీది కావాలంటే ఆ కంపెనీది.”